టిఫా స్కానింగు: 120 రోజుల లెక్క

ప్రభుత్వోద్యోగం నుండి విరమణ పొంది ఏళ్ళు గడిచినా మమ్ములను వదలని పని ఒకటున్నది. ఇంగ్లీషులో వచ్చిన కాగితాన్ని చదివి అర్థం చెప్పడం. బ్యాంకు నోటీసు కావచ్చు, పింఛను తిరస్కరణ కావచ్చు, పిల్లవాడి కళాశాల నుండి వచ్చిన ఉత్తరం కావచ్చు, మగ్రిబ్ నమాజు ముగిసిన తరువాత ఎవరో ఒకరు దానిని మా చేతిలో పెట్టి ఎదురుగా నిలబడతారు. గత ఏడాది వర్షాకాలంలో అలా వచ్చిన కాగితం ఒక స్కానింగు రిపోర్టు. తెచ్చినవాడు కైకలూరులో చేపల లోడింగు పనికి పోయే యువకుడు. వెనుక అతని తండ్రి నిలబడి ఉన్నాడు.

"సాబ్, బిడ్డ తల సరిగా లేదంటున్నారు. మందులతో నయమవుతుందా, విజయవాడ తీసుకుపోవాలా, చదివి చెప్పండి" అన్నాడు తండ్రి.

మేము చదివాము. శిశువు కపాలపు పైభాగం ఏర్పడలేదని, మెదడు వృద్ధి చెందలేదని, గర్భానికి 23 వారాలు నిండినవని అందులో ఉన్నది. వైద్యులు దీనిని అనెన్‌కెఫలీ అంటారు. ఇటువంటి బిడ్డ గర్భంలోనే పోవచ్చు, లేదా పుట్టిన కొన్ని గంటలలో, మహా అయితే కొన్ని రోజులలో పోతుంది. దీనికి మందు లేదు, శస్త్రచికిత్స లేదు. ఆ మాట తండ్రీకొడుకులకు మేమే చెప్పవలసి వచ్చినది. ముప్పై ఏళ్ళకు పైగా ఫైళ్ళు రాసిన చేతికి ఆ పని అలవాటు లేదు.

కొంతసేపటికి పెద్దాయన మరొక మాట అన్నాడు. "మౌల్వీ సాబును అడిగాము. గర్భం నిలిచి ఎన్ని రోజులైందని అడిగారు. మాకేం తెలుసు సాబ్, ఐదో నెల దాటిందని మాత్రం తెలుసు."

ఈ వ్యాసం ఆ ప్రశ్న గురించే. మౌల్వీ సాబు అడిగినది సరియైన ప్రశ్న. దానికి జవాబు ఆ ఇంట్లో ఎవరి దగ్గరా లేదు. ఆ తేదీ దాటిన తరువాతనే మొదటి స్కానింగు జరిగినది గనుక, జవాబు తెలిసినా దానివల్ల అప్పటికి ప్రయోజనమూ లేదు.

ముందు శరీరధర్మం సంగతి. బిడ్డకు మెదడుగా, వెన్నుపాముగా మారవలసిన భాగం మొదట ఒక పలుచని పొరగా ఉండి, చుట్టుకొని గొట్టంలా మూసుకుంటుంది. గర్భం నిలిచిన 28 రోజులలోపే ఈ పని పూర్తవుతుంది. అప్పటికి చాలామంది స్త్రీలకు తాము గర్భవతులమన్న సంగతే రూఢిగా తెలియదు. ఆ గొట్టం పైకొస మూసుకోకపోతే అనెన్‌కెఫలీ. కింది భాగంలో ఎక్కడైనా మూసుకోకపోతే స్పైనా బైఫిడా, అనగా వెన్నెముక వెనుక భాగం తెరుచుకొని ఉండడం. తలవెనుక కపాలంలో రంధ్రం ఏర్పడి మెదడు భాగం సంచిలా బయటికి వస్తే ఎన్‌కెఫలోసీల్. ఇవిగాక మెదడులోని గదులలో నీరు ఎక్కువగా చేరే హైడ్రోకెఫలస్ వంటివి మరికొన్ని ఉన్నవి.

వీటిలో ఏది ఎప్పుడు స్కానింగులో కనబడుతుందో ప్రతి కుటుంబానికీ తెలిసి ఉండవలెను. కపాలం ఏర్పడని లోపం 11 వారాలు దాటిన తరువాత, అనగా మూడో నెల చివర చేసే మొదటి స్కానింగులోనే నిపుణుని కంటికి కనబడుతుంది. పైన చెప్పిన ఇంట్లో ఆ స్కానింగు జరగలేదు. వెన్నెముక లోపం మాత్రం చిన్నది గనుక త్వరగా దొరకదు. బిడ్డ వెల్లకిల పడుకొని ఉంటే కనబడదు, యంత్రం పాతదైతే కనబడదు, ఒక్క ఉదయంలో యాభై మందిని చూడవలసిన డాక్టరు తొందరలో ఉంటే కనబడదు. 1986లో లండన్‌లోని కింగ్స్ కాలేజీ ఆసుపత్రికి చెందిన కిప్రోస్ నికొలయిడిస్, ఆయన సహచరులు ఒక సులువు కనిపెట్టారు. వెన్నెముక తెరుచుకొని ఉన్న బిడ్డకు నుదుటి ఎముకలు లోపలికి నొక్కుకొని తల నిమ్మకాయ ఆకారంలో కనబడుతుందని, వెనుకనున్న చిన్నమెదడు వంగి అరటిపండులా కనబడుతుందని వారు వివరించారు. నాటి నుండి స్కానింగు డాక్టర్లు వెన్నెముక లోపాన్ని ముందు తలలో వెతుకుతున్నారు. ఇది కనబడేది 18 వారాల నుండి చేసే వివరమైన స్కానింగులో. మనవారు టిఫా అని పిలిచేది దానినే.

ఇక లెక్క. మాకు చేతనైన విద్య ఇదొక్కటే గనుక కొంచెం వివరంగా చెప్పనివ్వండి.

గర్భంలోని శిశువుకు 120 రోజులు నిండిన తరువాత ఆత్మ ఊదబడుతుందని, హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్ఊద్ (రజి) ఉల్లేఖించిన హదీసు ఆధారంగా అధిక సంఖ్యాక పండితులు గ్రహించారు. మక్కాలోని రాబితా ఆలమె ఇస్లామీకి చెందిన ఫిఖ్హ్ కౌన్సిల్ 1990 ఫిబ్రవరిలో తన 12వ సమావేశంలో ఈ విషయాన్ని చర్చించినది. శిశువుకు చికిత్సకు లొంగని తీవ్రమైన వైకల్యం ఉన్నట్లు విశ్వసనీయులైన నిపుణ వైద్యుల బృందం పరీక్షలతో నిర్ధారించినప్పుడు, 120 రోజులు నిండకముందు, తల్లిదండ్రుల కోరికపై గర్భస్రావం అనుమతించదగినదని తీర్మానించినది. ఆ గడువు దాటిన తరువాత తల్లి ప్రాణానికి ముప్పు ఉంటే తప్ప అనుమతి లేదన్నది. ఇంతకంటె కఠినంగా చెప్పే పండితులు ఉన్నారు. మాలికీ మజ్‌హబ్‌లో మొదటి నుండీ నిషేధమే ఎక్కువ. హనఫీ గ్రంథాలలో తగిన కారణం ఉంటే గడువులోపల సడలింపు కనబడుతుంది. మేము ముఫ్తీలము కాము, ఫత్వా చెప్పడం మా పని కాదు. ఏ పండితుని అడిగినా ఆయన మొదట అడిగేది రోజుల లెక్కే గనుక, ఆ లెక్క చేతిలో ఉంచుకొనడం మన పని.

అయితే పండితుని లెక్క, డాక్టరు లెక్క ఒకటి కావు. డాక్టరు చివరి బహిష్టు మొదటి రోజు నుండి వారాలు లెక్కిస్తాడు. గర్భం నిజంగా నిలిచేది సుమారు రెండు వారాల తరువాత. కాబట్టి గర్భం నిలిచిన 120 రోజులంటే డాక్టరు కాగితం మీద 19 వారాల 1 రోజు. ఒక స్త్రీకి చివరి బహిష్టు జనవరి 1న వచ్చినదనుకొందాము. మొదటి స్కానింగుకు తగిన కాలం మార్చి 19 నుండి ఏప్రిల్ 8 వరకు. టిఫాకు 18 వారాలు నిండేది మే 7న. 120 రోజులు నిండేది మే 15 ప్రాంతంలో. 20 వారాలు నిండేది మే 21న.

మే 7కు, మే 15కు మధ్య ఉన్నవి ఎనిమిది రోజులు. ఆ ఎనిమిది రోజులలో స్కానింగు చేయించి, అనుమానం వస్తే విజయవాడ వెళ్ళి రెండవ నిపుణునికి చూపించి, ముఫ్తీ సాబును అడిగి, భార్యాభర్తలు ఆలోచించుకొని, నిర్ణయం తీసుకొనవలెను. ఉమ్మనీటి పరీక్ష అవసరమైతే దాని ఫలితం కొన్ని సందర్భాలలో రెండు మూడు వారాలకు గాని రాదు. ఇక టిఫాను "20 వారాలకు రండి" అని రాయించుకొని, చేపల పట్టుబడి ముగిశాకనో పెళ్ళి సీజను పోయాకనో 22 వారాలకు వెళ్ళే మన ఇళ్ళ సంగతి వేరే చెప్పనవసరం లేదు. అంత ఆలస్యంగా చేయించిన స్కానింగు ధర్మం ఇచ్చిన వెసులుబాటును ఆ స్త్రీ చేతిలో నుండి ముందే తీసివేస్తుంది. తరువాత ఆమె ఎంత ఏడ్చినా ఆ తేదీ తిరిగి రాదు.

దేశ చట్టంలో గడువు ఇంకా ముందుకు ఉన్నది. 1971 నాటి గర్భవిచ్ఛిత్తి చట్టాన్ని 2021లో సవరించారు. ఆ సవరణ 2021 సెప్టెంబరు 24 నుండి అమలులోనికి వచ్చినది. 20 వారాల వరకు ఒక వైద్యుని అభిప్రాయం, 20 నుండి 24 వారాల వరకు నిర్దిష్టమైన కొన్ని సందర్భాలలో ఇద్దరు వైద్యుల అభిప్రాయం అవసరం. శిశువుకు తీవ్రమైన వైకల్యం ఉండడం ఆ సందర్భాలలో ఒకటి. 24 వారాలు దాటితే, అటువంటి వైకల్యం విషయంలో మాత్రమే, రాష్ట్ర ప్రభుత్వం నియమించిన మెడికల్ బోర్డు పరీక్షించి మూడు రోజులలో అభిప్రాయం చెప్పవలెను. ఈ సవరణకు ముందు ఆ అవకాశం లేక స్త్రీలు న్యాయస్థానాల మెట్లెక్కవలసి వచ్చేది. కపాలం ఏర్పడని శిశువును 24 వారాలుగా మోస్తున్న ముంబయి మహిళకు 2017 జనవరిలో సుప్రీంకోర్టు అనుమతి ఇచ్చినది. సవరణ తరువాత కూడా, 2022 డిసెంబరులో, మెదడు లోపం ఉన్న శిశువు విషయంలో 33 వారాల గర్భిణికి ఢిల్లీ హైకోర్టు అనుమతి ఇస్తూ, తుది నిర్ణయం తల్లిదేనని పేర్కొన్నది. మేజరైన స్త్రీ విషయంలో చట్టం కోరేది ఆమె సమ్మతిని మాత్రమే. భర్త సంతకం, మామ సంతకం చట్టంలో లేవు. ఆమె పేరును బయటపెట్టకుండా ఉంచవలసిన బాధ్యత కూడా చట్టం వైద్యులపై పెట్టినది.

చట్టం అనుమతించినంత మాత్రాన ఏ స్త్రీ అయినా ఆ దారి పట్టి తీరవలెనని మా భావం కాదు. బిడ్డను చివరి వరకు మోయడానికే నిశ్చయించుకొన్న తల్లిని "ఎందుకమ్మా ఈ కష్టం" అని నిలదీసే హక్కు ఏ ఆసుపత్రికీ లేదు. గడువులోపల, పండితుని అడిగి, మరొక నిర్ణయానికి వచ్చిన తల్లిని వీధి వీధంతా తూలనాడే హక్కు మనకూ లేదు. ఆమెకు సమయానికి సమాచారం అందినదా లేదా అన్నదే మా ప్రశ్న.

స్కానింగు అనగానే గర్భస్రావమే గుర్తుకు రావడం కూడా పొరపాటు. రిపోర్టులో లోపం అని కనబడిన ప్రతిదీ ఒకటి కాదు. మెదడులో చిన్న నీటిబుడగ కనబడినదని రాస్తారు. కొరాయిడ్ ప్లెక్సస్ సిస్ట్ అనే ఆ బుడగ, మరే ఇతర లోపమూ లేకపోతే, సాధారణంగా నెలలు నిండేలోపు తనంతట తానే మాయమవుతుంది. మెదడు గది వెడల్పు 10 మిల్లీమీటర్లు దాటితే ఎక్కువ అని రాస్తారు. 10కి 12కి మధ్య ఉండి ఇంకేమీ లేని బిడ్డలలో ఎక్కువమంది మామూలుగానే పెరుగుతారు. వారికి కావలసినది మళ్ళీ ఒక స్కానింగు, కొంత ఓపిక. ఇటువంటి రిపోర్టు పట్టుకొని ఒక ఇంట్లో మూడు రోజులు అన్నం వండలేదని మాకు తెలుసు. కాగితం మీద ఉన్నది ఇంగ్లీషు, చదివినవాడు మందుల దుకాణంలోని కుర్రవాడు. అతడు చదివినది "మెదడులో గడ్డ" అని!

స్పైనా బైఫిడా సంగతి మరీ వేరు. ఆ బిడ్డలు బతుకుతారు. లోపం ఎంత పైన ఉన్నది, మెదడులో నీరు చేరినదా అన్నదానిని బట్టి కొందరు నడుస్తారు, కొందరు కాలిపర్లతో నడుస్తారు, కొందరికి చక్రాల కుర్చీ అవసరమవుతుంది. మూత్రం, మలం విషయంలో జీవితాంతం జాగ్రత్త కావలెను. చాలామంది చక్కగా చదువుకొంటారు. ముందుగా తెలిసి ఉంటే ప్రసవం నవజాత శిశువులకు శస్త్రచికిత్స చేయగల పెద్ద ఆసుపత్రిలో జరిపించుకొని, మొదటి రెండు మూడు రోజులలోనే వీపు మీది గాయాన్ని మూయించవచ్చు. తెలియకపోతే ఆ బిడ్డ కైకలూరులోనో, కొల్లేటి లంక నుండి వచ్చే దారిలో ఆటోలోనో పుట్టి, విజయవాడ చేరేసరికి గాయంలో చీము చేరుతుంది. గర్భంలోనే శస్త్రచికిత్స చేసే విధానం కూడా వచ్చినది. దానివల్ల మేలున్నదని 2011లో అమెరికాలో జరిగిన పరిశోధన చూపించినది. అది మన అందుబాటులో లేని మాట గనుక ఇక్కడితో వదిలేస్తాము.

పుట్టిన బిడ్డకు హక్కులు ఉన్నవి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పరీక్షించవలసిన పుట్టుక లోపాల జాబితాలో మొదటిది ఈ నాడీ గొట్టపు లోపమే. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఉన్నది. మన రాష్ట్రంలో సదరం ధ్రువపత్రం ఉంటే పింఛను ఉన్నది. 2024 జూలై నుండి అది నెలకు 6,000 రూపాయలు. ఈ కాగితాల విషయంలో మాత్రం మమ్ములను ఎవరైనా, ఎప్పుడైనా అడగవచ్చు.

ఇప్పుడు అసలు బాధాకరమైన సంగతి. ఈ లోపాలలో చాలా భాగం రాకుండా చూసుకోగలిగినవి. ఆ మందు కథ మన ఇంటి కథ అని ఎంతమందికి తెలుసు?

1928లో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయి వచ్చి, గర్భిణులలో ప్రాణాంతకంగా కనబడుతున్న ఒక రకపు రక్తహీనతను పరిశీలించినది. పేద ముస్లిం స్త్రీలలో అది అందరికంటె ఎక్కువగా ఉన్నదని, వారి ఆహారమే అందరికంటె హీనంగా ఉన్నదని ఆమె గమనించినది. ఈస్టు నుండి తీసిన చవకైన పదార్థం తినిపిస్తే వారు కోలుకున్నారని 1931లో ప్రకటించినది. ఆ పదార్థంలో ఉన్నది ఏమిటో తరువాత తేలినది. దానికి ఫోలిక్ ఆమ్లం అని పేరు వచ్చినది. దానిని ప్రయోగశాలలో తయారుచేసిన అమెరికాలోని లెడర్లే సంస్థ పరిశోధనలకు నాయకత్వం వహించినది యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన 1895లో పుట్టినది భీమవరంలో. కైకలూరు స్టేషనులో నరసాపురం వైపు రైలెక్కితే, ఆకివీడు దాటి, ఉండి దాటి వచ్చే ఊరు అది.

బొంబాయి ముస్లిం స్త్రీల పడకల పక్కన మొదలై, భీమవరం బిడ్డ చేతిలో మాత్రగా మారిన ఆ పదార్థం గురించి 1991లో బ్రిటన్ వైద్య పరిశోధనా మండలి ఏడు దేశాలలో జరిపిన పరీక్ష ఫలితాలు ప్రకటించినది. అంతకుముందు ఇటువంటి లోపంతో బిడ్డను కన్న స్త్రీలు మరల గర్భం ధరించక ముందు నుండే ఫోలిక్ ఆమ్లం వాడితే, ఆ లోపం తిరిగి వచ్చే ప్రమాదం 72 శాతం తగ్గినది. సాధారణ స్త్రీకి రోజుకు 400 మైక్రోగ్రాములు చాలు. ఒకసారి లోపం వచ్చిన స్త్రీకి దానికి సుమారు పది రెట్లు, 4 నుండి 5 మిల్లీగ్రాములు, డాక్టరు రాసి ఇవ్వవలెను. గర్భం దాల్చక ముందు నుండి, పన్నెండు వారాలు నిండే వరకు తీసుకొనవలెను. ఎనీమియా ముక్త్ భారత్ మార్గదర్శకాలలో కూడా ఈ 400 మైక్రోగ్రాముల మాట ఉన్నది. కాని మన స్త్రీలు మాత్ర మొదలుపెట్టేది ఎప్పుడు? రెండు నెలలు తప్పిన తరువాత, ఆశా కార్యకర్త పేరు రాసుకొన్న తరువాత. అప్పటికి ఆ 28 రోజులు ఎప్పుడో పోయినవి.

రేషను బియ్యంలో కలిపి ఇస్తున్నారు గదా అని కొందరు అంటారు. నిజమే, బలవర్ధక బియ్యంలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 ఉన్నవి. కాని కిలోకు ఉండేది 75 నుండి 125 మైక్రోగ్రాములు. రోజుకు 300 గ్రాముల బియ్యం తిన్నా 40 మైక్రోగ్రాములు కూడా రావు. అందులోనూ ఆ గింజలను "ప్లాస్టిక్ బియ్యం" అని ఏరి పారవేసే ఇళ్ళు మా వీధిలోనే ఉన్నవి. అవి ప్లాస్టిక్ కావు. ఏరవద్దు. అలాగని వాటితో సరిపోతుందనుకోవద్దు.

మా సూచన చిన్నది. నికాహ్ తేదీ ఖాయం చేసుకొనడానికి రెండు కుటుంబాలు మసీదు కమిటీ దగ్గరకో, ఖాజీ సాబు దగ్గరకో వస్తాయి. పెళ్ళికి నెలరోజుల ముందు వచ్చే ఆ రోజే, పెళ్ళికూతురి ఇంటి ఆడవారి చేతికి ఫోలిక్ ఆమ్లం మాత్రల పట్టీలు మూడు, ఒక తెలుగు కరపత్రం ఇవ్వవచ్చు. డాక్టరును అడిగి వాడమని అందులో రాయవచ్చు. వలీమాలో బిర్యానీకి ఎన్ని దేగ్‌లు పెట్టాలన్న చర్చకు కమిటీ పెద్దలు వెచ్చించే సమయంలో పదో వంతు దీనికి చాలు. ఖర్చు ఒక దేగ్ మీద చల్లే కుంకుమపువ్వు ఖరీదు కూడా కాదు. మధుమేహం ఉన్న స్త్రీ, మూర్ఛకు మందు వాడుతున్న స్త్రీ గర్భానికి ముందే డాక్టరును కలవవలెనని కూడా ఆ కరపత్రంలో ఉండవలెను. మూర్ఛ మందులలో వాల్ప్రోయేట్ అనేది ఈ లోపాలను పెంచుతుంది. కాని ఎవరూ తమంతట తాము మందు మానరాదు, డాక్టరు మార్చి ఇవ్వవలెను.

దగ్గరి బంధువుల పెళ్ళిళ్ళ గురించి రాస్తే మాకు కొన్ని కోపపు ఉత్తరాలు వస్తాయి. అయినా ఒక్క మాట. కోస్తాలో మేనరికం హిందువుల ఇళ్ళలోనూ ఉన్నది, మన ఇళ్ళలోనూ చాచా, ఖాలా పిల్లల మధ్య సంబంధాలు ఉన్నవి. షరీఅత్ దానిని అనుమతించినది, మేము దానిని తప్పు పట్టడం లేదు. అయితే మెకెల్ గ్రూబర్ అనే జబ్బు ఒకటున్నది. అందులో తలవెనుక సంచి, మూత్రపిండాల నిండా బుడగలు, చేతికి అదనపు వేళ్ళు కలిసి కనబడతాయి. తల్లిదండ్రులిద్దరిలోనూ దాగి ఉన్న ఒకే లోపం బిడ్డలో కలిసినప్పుడు ఇది వస్తుంది. ప్రతి గర్భంలోనూ నాలుగింట ఒక వంతు అవకాశం. దీనికి ఫోలిక్ ఆమ్లం మందు కాదు. ఇటువంటి బిడ్డ ఒకసారి పుడితే, ఎందుకు జరిగినదో పరీక్ష చేయించకుండా మరల గర్భానికి వెళ్ళడం గుడ్డిగా నూతిలో దిగడమే. హైదరాబాదులో నిమ్స్ ఆసుపత్రిలోని జన్యు వైద్య విభాగం, సి.డి.ఎఫ్.డి. సంస్థ ఇటువంటి పరీక్షలకు ఉన్నవి.

వీటన్నింటికీ బదులు మన ఇళ్ళలో వినబడేది ఏమిటి? గ్రహణం రోజు కోడలు కత్తిపీట పట్టుకొన్నది. చింతచెట్టు కింద నుండి నడిచినది. ఎవరిదో దిష్టి తగిలినది. నజర్ అన్నది లేదని మేము వాదించబోము, కాని గ్రహణానికి, మనిషి చావు పుట్టుకలకు సంబంధం లేదని దైవప్రవక్త (స) స్వయంగా తన కుమారుడు మరణించిన రోజున చెప్పిన మాటను మరచి, ఇరవై ఏళ్ళ పిల్లను దోషిగా నిలబెట్టడం ఎక్కడి ధర్మం?

మరొక దురాచారం గురించి కూడా దాచకుండా చెప్పవలెను. స్కానింగు గది నుండి బయటికి వచ్చిన కోడలిని మెదడు ఎట్లున్నది, వెన్నెముక ఎట్లున్నది అని అడిగే అత్తగారిని మేము చాలా తక్కువగా చూశాము. ఆడా మగా అని సైగ చేసేవారిని చూశాము. 1994 చట్టం ప్రకారం అడగడం నేరం, చెప్పడం నేరం. ఆడబిడ్డలను మట్టిలో పూడ్చిన జాతిని మార్చిన ధర్మం మనది. ఆ సైగ మన చేతులకు తగదు.

మగ డాక్టరు స్కానింగు చేస్తాడని వెళ్ళనివ్వని ఇళ్ళు కొన్ని ఉన్నవి. స్త్రీ వైద్యురాలు ఉంటే ఆమె దగ్గరకే వెళ్ళడం ఉత్తమం. లేనప్పుడు అవసరం ఏర్పడితే షరీఅత్ వెసులుబాటు ఇచ్చినదని ఉలమా చెబుతూనే ఉన్నారు. గదిలో తోడుగా ఒక ఆడమనిషిని కూర్చోనివ్వమని అడగండి. అడగడానికి సిగ్గుపడి బిడ్డను వదులుకోవద్దు.

ప్రభుత్వాన్ని మేము కోరేది కొంచెమే. కైకలూరు 2022 ఏప్రిల్‌లో కృష్ణా జిల్లా నుండి ఏలూరు జిల్లాకు మారినది. 2023లో ఏలూరులో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైనది. ప్రతి నెల 9వ తేదీన గర్భిణులకు ఉచిత వైద్య పరీక్షల కార్యక్రమం 2016 నుండి ఉన్నది. అయినా నాలుగో నెల నుండి మొదలయ్యే ఆ పరీక్షలకు ముందే, 11 నుండి 14 వారాల మధ్య, ఒక స్కానింగు ప్రతి గర్భిణికి అందవలెను. ఆ తేదీని, టిఫా తేదీని తల్లీబిడ్డల కార్డు మీద పేరు నమోదైన రోజే ఎర్రసిరాతో రాయవలెను. టిఫాకు రాసే తేదీ 18 వారాలు నిండిన వారంలోనే ఉండవలెను. రిపోర్టు ఫలితాన్ని నాలుగు తెలుగు వాక్యాలలో రాసి ఇవ్వవలెను. ఇది మా ఒక్కరి కోసం అడుగుతున్నది కాదు. వరద వస్తే రోడ్డు తెగిపోయే లంక గ్రామాల ఆడపడుచులకు ఈ తేదీ మనకంటె ఎక్కువ అవసరం. తేదీ రాసి ఉంటే, నీరు పెరగకముందే ఆ వారం చూసుకొని బయలుదేరగలరు.

ఆ రాత్రి కాగితం తెచ్చిన కుటుంబం సంగతి కూడా చెప్పి ముగిస్తాము. ఆ అమ్మాయి బిడ్డను చివరి వరకు మోయడానికే నిశ్చయించుకొన్నది. ఎనిమిదో నెలలో ఆడబిడ్డ పుట్టి, గంటలోపే కన్నుమూసినది. చెవిలో అజాన్ చెప్పారు, పేరు పెట్టారు, జనాజా నమాజు చదివి ఖననం చేశారు. మేమూ వెళ్ళాము. ఖబరస్తాన్ నుండి తిరిగి వస్తుండగా ఆ యువకుడు, "చాచా, మళ్ళీ ఇట్లే అవుతుందా?" అని అడిగాడు. ఒకసారి వచ్చినవారికి అందరికంటె ప్రమాదం ఎక్కువేనని, మాత్రతో అది బాగా తగ్గుతుందని, డాక్టరును కలవమని చెప్పాము.

ఈ ఏడాది రంజాన్ తరువాత నుండి ఆ అమ్మాయి 5 మిల్లీగ్రాముల మాత్ర వేసుకొంటున్నది. ఇప్పుడు ఆమెకు పదో వారం. గోడమీది క్యాలెండరులో పన్నెండో వారంలోని ఒక మంగళవారం చుట్టూ పెన్నుతో గీసినది అత్తగారే. ఉదయం రైలుకు విజయవాడ వెళ్ళి సాయంత్రానికి తిరిగి వస్తామన్నారు. కాగితం తెచ్చి చూపిస్తామన్నారు.